మూడో బాక్సు

కిందటేడు మా హాల్లో కొత్త స్పీకర్ల జత పెట్టిన వారానికే పెద్దమ్మ ఊరినుంచి వచ్చింది. ఆవిణ్ణి సోఫా మధ్యలో కూర్చోబెట్టి ఘంటసాల పాట ఒకటి పెట్టాను. పల్లవి అయి ఆయన చరణం ఎత్తుకున్నాడో లేదో, పెద్దమ్మ లేచి నేరుగా ఎదుటి గోడ దగ్గరికి వెళ్ళి, మేకుకి వేలాడుతున్న క్యాలెండరు ఎత్తి చూసింది.

“ఏరా, దీని వెనకాల కూడా ఓ బాక్సు బిగించావా?”

“లేదు పెద్దమ్మా, ఉన్నవి రెండే. అదుగో, అటొకటి, ఇటొకటి.”

“మరి ఆయన ఇక్కణ్ణించి పాడుతున్నాడేం?”

తేలిగ్గా జవాబు చెప్పగలిగే ప్రశ్న కాదది. ఎడమ బాక్సులోంచి ధ్వని వస్తోంది, కుడి బాక్సులోంచీ వస్తోంది. మధ్యనున్న గోడ మాత్రం మూగగానే ఉంది. అక్కడ ఎంత వెతికినా పాడే వస్తువేదీ దొరకదు. అయినా ఆ సోఫా మధ్యలో ఎవరు కూర్చున్నా గొంతు క్యాలెండరు దగ్గరే వినిపిస్తుంది. గాయకుణ్ణి తెచ్చి అక్కడ నిలబెట్టింది వినేవాళ్ళ మెదడు. స్పీకర్లు చేసిందల్లా ఆ మెదడుకి సరైన ఆధారాలు అందించడమే.

స్టీరియో రహస్యమంతా ఇందులోనే ఉంది. మనం డబ్బిచ్చి కొనేది రెండు బాక్సులు, వినాలని ఆశపడేది లేని మూడో బాక్సుని. అద్దంలో మనిషి అద్దం వెనక ఉన్నట్టు కనబడతాడు కదా, అలాగే లేనిచోట వినిపించే ఈ శబ్దాన్ని ధ్వనిబింబం అందాం. కొట్లో వరసగా పేర్చిన స్పీకర్లలో ఏది కొనాలో తేల్చుకోవాలంటే ముందు ఈ బింబం ఎలా పుడుతుందో, ఎందుకు చెదిరిపోతుందో తెలియాలి.

కళ్ళకు గంతలు

చిన్నప్పుడు కళ్ళగంతల ఆట ఆడనివాళ్ళుండరు. కళ్ళకు తువ్వాలు కట్టినా, కిసుక్కున నవ్విన పిల్ల ఏ పక్కనుందో ఇట్టే తెలిసిపోతుంది. కంటికి దిక్కు తెలియడంలో వింత లేదు. కుడి పక్క వస్తువు కంటి తెరమీద ఒకచోట, ఎడమ పక్కది మరోచోట పడుతుంది. చెవికి అలాంటి తెర లేదు. కర్ణభేరి అదిరితే అదిరిందనే తెలుస్తుంది, ఎటునుంచి వచ్చి అదిరించిందో దానికి తెలియదు. దిక్కు లెక్క కట్టాలంటే రెండు చెవుల సమాచారాన్నీ పోల్చి చూడాలి.

ఆ పోలిక ఎలా జరుగుతుందో వివరించినవారిలో ముఖ్యుడు ఇంగ్లండుకు చెందిన లార్డ్ రాలే. ఆకాశం ఎందుకు నీలంగా ఉంటుందో చెప్పినవాడు, ఆర్గాన్ వాయువును కనిపెట్టినందుకు 1904లో నోబెల్ బహుమతి అందుకున్నవాడు ఆయనే. 1907లో ప్రచురించిన వ్యాసంలో ఆయన రెండు ఆధారాలు చూపించాడు. మొదటిది కాలం. మన రెండు చెవుల మధ్య ఎడం 17, 18 సెంటీమీటర్లు. కుడివైపు పుట్టిన శబ్దం కుడి చెవికి ముందు, తల చుట్టూ తిరిగి ఎడమ చెవికి కాస్త తర్వాత చేరుతుంది. ఆ ఆలస్యం ఎంత ఎక్కువైనా 0.65 మిల్లీసెకన్లు దాటదు. రెండోది బలం. సన్నని, హెచ్చు స్థాయి శబ్దాలకు తల గోడలా అడ్డుపడి నీడ కల్పిస్తుంది. నీడలో ఉన్న చెవికి అవి 20 డెసిబెళ్ళ వరకూ తగ్గి వినిపించవచ్చు.

సుమారు 1500 హెర్ట్జ్ లోపు మెదడు ముఖ్యంగా కాలాన్ని నమ్ముకుంటుంది, అంతకు మించితే బలాన్ని. మృదంగంలో ఎడమ చేతి గుంకారం మొదటి దారిన, తాళాల గలగల రెండో దారిన తమ చోటు చెప్పుకుంటాయన్నమాట. ఈ లెక్కలో మన మెదడు ఎంత నిక్కచ్చి అంటే, మంచి పరిస్థితుల్లో రెండు చెవుల మధ్య 10 మైక్రోసెకన్ల తేడాను కూడా పసిగట్టగలదు. అంత వ్యవధిలో శబ్దం సాగే దూరం మూడున్నర మిల్లీమీటర్లు. ఎదురుగా ఉన్న శబ్దం ఒక్క డిగ్రీ పక్కకి జరిగితే చాలు, మనకి తెలిసిపోతుంది.

ఇంతటి గట్టి కాపలాదారుణ్ణి రెండు పెట్టెలతో బోల్తా కొట్టించాలని చూడటం సాహసమే. ఆ సాహసం చేసినవాడు సినిమా చూసి విసుక్కున్న ఓ ఇంజనీరు.

సినిమా హాల్లో విసుగు

అంతకు ముందే 1881లో, పారిస్‌లో జరిగిన విద్యుత్ ప్రదర్శనలో క్లెమెంట్ ఆదేర్ అనే ఇంజనీరు ఒక చిత్రం చేసి చూపించాడు. ఒపేరా రంగస్థలం అంచున వరసగా ట్రాన్స్‌మిటర్లు పెట్టి, టెలిఫోను తీగల మీద పాటను ప్రదర్శనశాలకు పంపాడు. వినేవాళ్ళు రెండు రిసీవర్లు తీసుకుని చెవికొకటి ఆనించుకున్నారు. పాత్రధారి వేదిక మీద అటునుంచి ఇటు నడుస్తుంటే ఆ నడక కూడా వినిపించింది. జనం ముచ్చటపడ్డారు గాని, ఈ ఆలోచన యాభై ఏళ్ళపాటు వేడుకగానే మిగిలిపోయింది.

1931 ప్రాంతంలో లండన్‌లో అలన్ బ్లమ్‌లైన్ అనే ఆ ఇంజనీరు కాబోయే భార్యతో కలిసి సినిమాకి వెళ్ళాడు. అప్పుడప్పుడే మాటలొచ్చిన రోజులు. హీరో తెర ఎడమ చివర నిలబడ్డా, కుడి చివరికి నడిచినా, గొంతు మాత్రం ఒకే స్పీకరులోంచి వస్తోంది. మాట మనిషి వెంట వెళ్ళాలి కదా అనుకున్నాడట, దానికి తన దగ్గరో ఉపాయం ఉందని ఆమెతో అన్నాడట. ఆ ఉపాయం 1931 డిసెంబరులో పేటెంటు దరఖాస్తు అయింది. అప్పుడు ఆయనకు 28 ఏళ్ళు, ఇ.ఎం.ఐ. సంస్థలో ఇంజనీరు. మైక్రోఫోన్లు ఎలా అమర్చాలి, రికార్డు మీద ఒకే గాడి రెండు గోడల్లో రెండు వేర్వేరు ధ్వనులను ఎలా చెక్కాలి, రెండు స్పీకర్లతో బింబాన్ని ఎలా కట్టాలి అన్నీ అందులో ఉన్నాయి. 1935లో తీసిన పరీక్షా చిత్రాల్లో మనుషులు వేదిక మీద అటూ ఇటూ నడుస్తూ మాట్లాడతారు, హేస్ స్టేషన్లో రైళ్ళు వస్తూపోతూ ఉంటాయి. మాట మనిషి వెంటే వెళ్ళింది, కూత రైలు వెంటే వెళ్ళింది.

తన ఊహ ఇంటింటా మోగడం బ్లమ్‌లైన్ చూడలేదు. 1942 జూన్ 7న ఒక రాడార్ పరికరాన్ని పరీక్షిస్తున్న హాలిఫాక్స్ విమానం కూలిపోయి, అందులో ఉన్న అందరితోపాటు ఆయనా చనిపోయాడు. యుద్ధరహస్యం కనుక ఆ వార్త కూడా బయటికి రాలేదు. ఆయన చెప్పినట్టు గాడికి రెండు గోడలున్న స్టీరియో రికార్డులు 1958లో బజారులోకి వచ్చాయి. మన దగ్గర సినిమా హాల్లో ఆ అనుభవానికి ఇంకా ఆలస్యమైంది. ఆరు ట్రాకుల స్టీరియో ధ్వనితో తొలి తెలుగు 70 ఎం.ఎం. చిత్రం ‘సింహాసనం’ 1986లో విడుదలైంది.

ఈ కథలో పెద్దమ్మ ప్రశ్నకు సంబంధించిన మలుపు ఒకటుంది. 1933 ఏప్రిల్‌లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలవాళ్ళు ఫిలడెల్ఫియాలో వాయిస్తున్న ఆర్కెస్ట్రాను టెలిఫోను తీగల మీద వాషింగ్టన్‌కు పంపి, అక్కడ నిండు సభకు వినిపించారు. వాళ్ళు వాడినవి మూడు మైక్రోఫోన్లు, మూడు వరసల స్పీకర్లు. అంటే మధ్యలో మూడో బాక్సును నిజంగానే పెట్టారు! పెద్ద సభలో అది తప్పనిసరి. ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది. ఇప్పటికీ సినిమా హాల్లో సంభాషణలు తెర వెనక మధ్యనున్న స్పీకరులోంచే వస్తాయి. గ్రామఫోను గాడికి మాత్రం ఉన్నవి రెండే గోడలు. అందుకే ఇంటికి రెండే చేరాయి, మూడోదాన్ని మన తలకాయ సమకూర్చుకోవలసి వచ్చింది.

అడుగుకో మిల్లీసెకను

బింబం పుట్టే పద్ధతి చెప్పడానికి ఒక్క కొండగుర్తు చాలు. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు వెళ్తుంది, అంటే మిల్లీసెకనుకి కొంచెం ఎక్కువగా ఒక అడుగు.

రెండు స్పీకర్ల మధ్య ఎనిమిది అడుగుల ఎడం పెట్టి, ఒక్కొక్కదానికీ ఎనిమిదేసి అడుగుల దూరంలో కూర్చుంటే సమబాహు త్రిభుజం ఏర్పడుతుంది. మన ముందు స్పీకర్లు 60 డిగ్రీల మేర విచ్చుకుంటాయి. ఒకే ధ్వని రెండింట్లోంచీ సమానంగా, ఒకే క్షణంలో చేరితే మెదడు వాటిని రెండుగా విడదీయదు. ఒకే గొంతు, ఎదురుగా, సరిగ్గా మధ్యన ఉందని తీర్పు చెబుతుంది. ఎడమదానిలో బలం కాస్త పెంచితే గొంతు ఎడమకు జరుగుతుంది. తేడా సుమారు 15 డెసిబెళ్ళు దాటేసరికి పూర్తిగా ఎడమ బాక్సులోకి వెళ్ళిపోతుంది. స్టూడియోలో ఇంజనీరు గిటారును ఈ పక్కకీ కోరస్‌ను ఆ పక్కకీ జరిపేది ఇలా బలాన్ని పంచే మీట తిప్పే.

కాలంతోనూ ఇదే జరుగుతుంది. ఒక పక్క ధ్వని మిల్లీసెకను ముందు చేరితే బింబం దాదాపు పూర్తిగా ఆ పక్కకి ఒరిగిపోతుంది. ఇప్పుడు త్రిభుజంలో మీ చోటునుంచి ఒక్క అడుగు కుడివైపు జరిగారనుకోండి. కుడి స్పీకరు దగ్గరవుతుంది, ఎడమది దూరమవుతుంది. లెక్క కడితే రెండు దారుల మధ్య తేడా కూడా సుమారు ఒక అడుగే వస్తుంది, అంటే దాదాపు మిల్లీసెకను. మధ్యనున్న గాయకుడు కుడి బాక్సులోకి దూరిపోతాడు. ముగ్గురు కూర్చునే సోఫాలో స్టీరియో నిజంగా వినేది ఒక్కరే. నిండు సభలో మూడో బాక్సు ఎందుకు కావలసి వచ్చిందో ఇక వేరే చెప్పనక్కర్లేదు.

బల్ల మీద పెట్టుకునే ఒంటి పెట్టె బ్లూటూత్ స్పీకరు మీద ‘స్టీరియో’ అని రాసి ఉంటుంది. అబద్ధమని అనలేం, లోపల రెండు స్పీకర్లు ఉంటాయి. కాని వాటి మధ్య ఎడం ఒక జానెడు, 20 సెంటీమీటర్లు. ఎనిమిదడుగుల దూరం నుంచి చూస్తే ఆ జానెడూ 5 డిగ్రీల లోపే. అరవై డిగ్రీల వేదిక మీద కూర్చోవలసిన కచేరీ మొత్తాన్ని ఒకే పీటమీద కుదించినట్టవుతుంది.

కవలలు కావాలి

బింబం ఆధారపడినది పోలిక మీద. కనుక స్పీకర్ల జతకు ఉండాల్సిన మొదటి సుగుణం, రెండూ అచ్చుగుద్దినట్టు ఒకలా ఉండటం. పైకి ఒకలాగే కనిపిస్తాయి, లోపల తేడా ఉండొచ్చు. ఎడమది 500 హెర్ట్జ్ దగ్గర రెండు డెసిబెళ్ళు ఎక్కువ, కుడిది 3000 దగ్గర రెండు డెసిబెళ్ళు ఎక్కువ అనుకోండి. గాయకుడి గొంతులో బొంగురు భాగం ఎడమకీ, పదునైన భాగం కుడికీ జరిగిపోతాయి. ఒక మనిషి నోరు రెండు గజాల వెడల్పు సాగినట్టుంటుంది. మంచి తయారీదారులు లోపలి భాగాలను కొలిచి, జోడీ కుదిర్చి జతగా అమ్ముతారు. ఒకటి పాడైతే ఎక్కడో దొరికిన ఒంటిదాన్ని తెచ్చి జత చేయడం ఈ లెక్కన మంచిది కాదు.

రెండో సుగుణం పక్కలకు పరుచుకునే తీరు. స్పీకరు ముందుకే కాక చుట్టూ శబ్దం వెదజల్లుతుంది. ఏ శబ్దం ఎంత మేర పరుచుకుంటుందనేది లోపల శబ్దం పుట్టించే శంకువు వెడల్పుకీ తరంగదైర్ఘ్యానికీ ఉన్న పొత్తును బట్టి ఉంటుంది. 100 హెర్ట్జ్ శబ్దం పొడవు 3.4 మీటర్లు, 2000 హెర్ట్జ్‌ది 17 సెంటీమీటర్లు, 10,000 హెర్ట్జ్‌ది మూడున్నర సెంటీమీటర్లు. పెట్టెలో మంద్రం పలికే పెద్దదాన్ని వూఫరు అనీ, హెచ్చు స్థాయి పలికే చిన్నదాన్ని ట్వీటరు అనీ అంటారు. ఆరున్నర అంగుళాల వూఫరు మంద్రస్థాయిని అన్ని వైపులా పంచుతుంది. 2000 హెర్ట్జ్ దగ్గరికి వచ్చేసరికి తరంగం పొడవు తన వెడల్పంతే అవుతుంది కనుక టార్చిలైటులా ముందుకే గురిపెడుతుంది. అక్కడే అంగుళం వెడల్పున్న ట్వీటరు పని అందుకుని మళ్ళీ అటూ ఇటూ విశాలంగా పరుస్తుంది. ఎదురుగా కూర్చున్నవాడికి అంతా నున్నగానే ఉంటుంది. పక్కకి వెళ్ళే శబ్దంలో మాత్రం ఆ అతుకు దగ్గర గుంట పడుతుంది. అదే శబ్దం గోడలకు తగిలి మన చెవికి తిరిగొస్తుంది కనుక, ఎదుట వినిపించే గొంతు ఒకలా, గోడలనుంచి వచ్చే దాని నీడ మరోలా ఉంటాయి. రెండూ ఒకరివేనని నమ్మడానికి మెదడు ఇబ్బంది పడుతుంది.

దీనికి ఇంజనీర్లు పట్టిన దారులు రెండు. ట్వీటరు చుట్టూ చిన్న గరాటాలాంటి పళ్ళెం అమర్చి, దాని పరుపును వూఫరుకు సరిపడా కుదించడం ఒకటి. ట్వీటరును వూఫరు నడిబొడ్డులోనే పెట్టడం రెండోది. ఈ ఏకకేంద్ర అమరికను టానాయ్ సంస్థ 1947 నుంచి తయారుచేస్తోంది. కెఫ్ సంస్థ 1988లో ‘యూని-క్యూ’ పేరుతో కొత్తగా తెచ్చింది. శబ్దమంతా ఒకే బిందువునుంచి పుడితే బింబానికి పునాది గట్టిపడుతుంది.

మూడోది పెట్టె అంచులు. ట్వీటరు నుంచి బయల్దేరిన శబ్దం ముందు పలక మీదుగా పాకి, అంచు రాగానే ఒరుసుకుని మళ్ళీ చిన్న శబ్దంగా పుడుతుంది. అమెరికా ఇంజనీరు హ్యారీ ఆల్సన్ రకరకాల ఆకారాల పెట్టెల్లో ఒకే స్పీకరు బిగించి కొలిచాడు. అన్నిటికంటే నున్నగా పలికింది గోళం. గోళాలు చేయడం, బల్ల మీద నిలపడం కష్టం కనుక అంచులు గుండ్రంగా చెక్కడంతో సరిపెట్టుకుంటున్నారు. 1970ల్లో బి.బి.సి. తన సంచార ప్రసార వాహనాల కోసం తయారుచేసిన ఎల్.ఎస్.3/5ఎ అనే బుల్లి స్పీకరులో ట్వీటరు చుట్టూ ఊలు ముద్దలాంటి ఫెల్టు అంటించారు, శబ్దం అంచుదాకా పాకకుండా. అడుగు ఎత్తు మాత్రమే ఉన్న ఆ పెట్టెలో మంద్రం తక్కువే. బింబాన్ని నిలబెట్టడంలో మాత్రం ఈనాటికీ దాన్ని ఉదాహరణగా చెప్పుకుంటారు. సన్నని ముందు పలక, గట్టి చెక్క, జాగ్రత్తగా కుదిర్చిన జత. దాని బలమల్లా ఇదే.

ఇవన్నీ కళ్ళకు కనిపించవు. కనిపించేవి నునుపు, సైజు, ధర. కెనడాలోని నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్లో ఫ్లాయిడ్ టూల్ స్పీకర్లను తెర వెనక దాచి, ఏది ఏదో చెప్పకుండా వినిపించి మార్కులు వేయించాడు. చూడకుండా విన్నప్పుడు జనం అభిరుచుల్లో ఆశ్చర్యపోయేంత ఏకాభిప్రాయం వచ్చింది. ఎదురుగా ఒడుదుడుకులు లేకుండా, పక్కలకు కూడా నున్నగా పలికే స్పీకర్లకే మంచి మార్కులు పడ్డాయి. తర్వాత 1994లో ఆయనా, సహచరుడు షాన్ ఆలివూ కలిసి తెర తీసేసి అదే పరీక్ష పెడితే, అవే చెవులు పెద్ద స్పీకర్ల వైపు, అందమైన స్పీకర్ల వైపు మొగ్గాయి. ఈనాడు కొందరు తయారీదారులు ‘స్పినోరామా’ అనే పటం ఇస్తున్నారు. స్పీకరును పది డిగ్రీలకోసారి తిప్పుతూ అడ్డంగానూ నిలువునా 70 దిక్కుల్లో కొలిచిన ఫలితమది. అందులో గీతలు ఒకదానికింద ఒకటి నెమ్మదిగా, గతుకులు లేకుండా వాలుతూ ఉంటే ఆ స్పీకరు గదితో తగువు పడదని అర్థం. పెట్టె మీద అంటించిన వేల వాట్ల పి.ఎం.పి.ఓ. అంకెకు మాత్రం ఒప్పుకున్న నిర్వచనమే లేదు. దాన్ని చూసి కొనడం కవరు మీద బిళ్ళను చూసి ఉత్తరం మంచిదనుకోవడమే.

ఇల్లు ఖాళీ చేసిన రోజు

ఇల్లు మారే రోజున సామానంతా లారీకెక్కించాక ఖాళీ గదిలో ఎవరినైనా పిలిస్తే గొంతు గుయ్యిమంటుంది. నిన్నటిదాకా లేని ఆ మోత ఎక్కణ్ణించి వచ్చింది? పరుపులు, దిండ్లు, బీరువాలో బట్టలు ఇన్నాళ్ళూ శబ్దాన్ని తాగేస్తున్నాయి. దీన్ని శాస్త్రంగా మలిచినవాడు హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చెప్పిన వాలెస్ సబీన్. అక్కడ కొత్తగా కట్టిన ఒక ఉపన్యాసశాలలో మాట అయిదున్నర సెకన్లపాటు మోగుతూ ఉండేది, ముందు మాట చావకుండానే తర్వాతి మాట మీద పడేది. 1890ల్లో సబీన్ రాత్రిళ్ళు పక్క సభాభవనంలోని సీట్ల మెత్తలు మోయించుకొచ్చి పరచి, ఎన్ని మెత్తలకు మోత ఎంత తగ్గుతుందో కొలిచాడు, తెల్లారేసరికి వాటిని తిరిగి చేర్పించాడు. గదుల ధ్వనిశాస్త్రం ఆ మెత్తల మోతలోంచి పుట్టింది.

మన ఇళ్ళలో కింద టైల్సు, గ్రానైటు లేదా పాలరాయి, చుట్టూ సిమెంటు పూసిన గోడలు, పైన కాంక్రీటు శ్లాబు. ఎండకు చల్లగా, తుడవడానికి తేలిగ్గా ఉండే ఈ ఏర్పాటు శబ్దాన్ని మాత్రం బంతిలా తిప్పికొడుతుంది. అలా తిరిగొచ్చే శబ్దాలన్నిటినీ మెదడు ఒకేలా చూడదు. 1949లో జర్మనీలో హెల్ముట్ హాస్, అదే ఏడు అమెరికాలో వాలక్, న్యూమన్, రోజెన్‌ట్స్‌వైగ్ విడివిడిగా ఒకే సంగతి చెప్పారు. మొదట చేరిన శబ్దమే దిక్కు నిర్ణయిస్తుంది. దాని వెనక మాటల విషయంలో సుమారు 30 మిల్లీసెకన్ల లోపు వచ్చే ప్రతిధ్వనులను మెదడు వేరేగా లెక్కపెట్టక మొదటిదానిలోనే కలిపేసుకుంటుంది. లేకపోతే నాలుగ్గోడల మధ్య మాట్లాడుకోవడమే సాధ్యమయ్యేది కాదు.

ఆ క్షమాగుణానికి కింద ఒక హద్దుంది. మిల్లీసెకను లోపు వచ్చే ప్రతిధ్వనిని మెదడు ప్రతిధ్వనిగా గుర్తించదు, అసలు శబ్దంలో భాగమనుకుని దిక్కు లెక్కలో కలిపేస్తుంది. మిల్లీసెకనంటే అడుగు. పోయి రావాలి కనుక స్పీకరుకు అర అడుగు లోపునున్న ప్రతి గట్టి వస్తువూ బింబానికి శత్రువే. షోకేసు అర, పక్కనే టీవీ అంచు, గోడలో గూడు, ఇవన్నీ ఆ జాబితాలోవే. గూట్లో దీపానికి అందం ఉంది గాని, గూట్లో స్పీకరుకు లేదు. స్టాండు మీద, ట్వీటరు కూర్చున్నవాళ్ళ చెవి ఎత్తున, అంటే సుమారు మూడడుగుల ఎత్తున, వెనక గోడకు అడుగో రెండడుగులో ఎడంగా పెడితే ఖర్చు లేకుండానే సగం పని అవుతుంది.

పక్కగోడల ప్రతిధ్వని అంత ప్రమాదం కాదు. అది కొందరికి ఇష్టం కూడా, వేదిక వెడల్పయినట్టు అనిపిస్తుంది. అసలు చిక్కు అసమానత. మన హాళ్ళలో చాలావాటికి ఒక పక్క గోడ, రెండో పక్క వంటింటికో భోజనాల బల్లకో తెరిచిన దారి ఉంటుంది. గోడ ఉన్న పక్క శబ్దం బలపడి బింబం అటు వాలుతుంది. గోడ మీద ఎక్కడ మందు వేయాలో తెలుసుకునే చిట్కా ఉంది. మీరు మీ చోట కూర్చోండి, ఇంకొకరు అద్దాన్ని పక్కగోడకు ఆనించి జరుపుతూ పోవాలి. అద్దంలో మీకు ట్వీటరు ఎక్కడ కనిపిస్తే శబ్దం అక్కడే తగిలి మీ దగ్గరికి వస్తోందన్నమాట. అక్కడ మందపాటి పరదా గాని, ఎత్తుపల్లాలుగా సర్దిన పుస్తకాల అర గాని ఉంటే చాలు. ముందు నేల మీద ఒక తివాచీ, అది లేకపోతే మడత విప్పిన బొంత.

మంద్రస్థాయికి ఈ మందులు పనిచేయవు. అక్కడ గది కొలతలదే రాజ్యం. పదడుగుల ఎడంలో ఉన్న రెండు గోడల మధ్య 56 హెర్ట్జ్ శబ్దం ఊయలలా ఊగుతుంది, పన్నెండడుగులైతే 47 దగ్గర. గది పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ పదేసి అడుగులైతే మూడు ఊయలలూ ఒక్కచోటే ఊగి ఆ ఒక్క స్వరం గుమ్ముమని లేస్తుంది. అలాంటి చిన్న గదిలో నిలువెత్తు స్పీకర్లు పెట్టడమంటే ఊయలను ఇంకా గట్టిగా తొయ్యడం. అయిదారు అంగుళాల వూఫరున్న చిన్న జత ఆ గదికి చాలు, పైగా సన్నని పెట్టె కనుక బింబానికీ మేలు.

కొట్లో పెద్దమ్మ పరీక్ష

ఇక కొనడానికి వెళ్దాం. స్టీరియో స్పీకర్ల పరీక్షకు మోనో పాట తీసుకెళ్ళమంటే కొట్టువాడు నవ్వుతాడు. నవ్వనివ్వండి. ఘంటసాల పాటల్లో అత్యధికం మోనోలో రికార్డయినవే. తర్వాతి కాలంలో కృత్రిమంగా స్టీరియో చేసినవి కాక, అసలు మోనో ప్రతి వెంట తీసుకెళ్ళండి. మోనో అంటే రెండు బాక్సులకూ చేరేది అచ్చంగా ఒకే సంకేతం. కనుక గొంతు సరిగ్గా మధ్యలో, మనిషి ముఖమంత వెడల్పులో నిలబడాలి. అటూ ఇటూ సాగినా, స్వరస్థాయి మారినప్పుడల్లా పక్కకి జరిగినా, ఆ జత కవలలు కారన్నమాట, లేదా కొట్టువాడు వాటిని సరిగా పెట్టలేదు. స్థానాలు మార్పించి మళ్ళీ వింటే ఏది తప్పో తేలిపోతుంది.

ఇంకో మెట్టు ముందుకి వెళ్ళి ఒక్క స్పీకరునే మోగించమనండి. ఒంటరిగా ఉన్నప్పుడే దాని లోపాలు ఎక్కువ బయటపడతాయని టూల్ పరీక్షల్లో కూడా తేలింది. జతగా మోగుతుంటే వేదిక వెడల్పు మన దృష్టిని మళ్ళించేస్తుంది. ఒంటి స్పీకరు ముందు ఎదురుగా నిలబడి వినండి, మెల్లగా పక్కకి నడవండి. గొంతు తగ్గినా అదే గొంతుగా ఉండాలి, నోటికి గుడ్డ అడ్డుపెట్టినట్టు మారకూడదు.

ఆ తర్వాతే స్టీరియో. కర్ణాటక కచేరీ వేదిక మీద ఎవరి చోటు ఏదో మనకి తెలుసు. గాయకుడు మధ్యలో, మనకి ఎడమ పక్క మృదంగం, కుడి పక్క వయొలిన్. మృదంగంలో కుడిచేతి మూత సభవైపు తిరిగి ఉండాలి కనుక ఈ ఏర్పాటు. పళని సుబ్రమణ్య పిళ్ళై లాంటి ఎడంచేతి వాటం విద్వాంసుడు వాయిస్తే ఈ కూర్పు తారుమారు కావలసి వచ్చేది. వేదికను ఉన్నదున్నట్టు పట్టిన రికార్డు దొరికితే కళ్ళు మూసుకుని ఎవరెక్కడున్నారో వేలితో చూపించండి. మృదంగం గాయకుడికి కాస్త వెనగ్గా అనిపిస్తే అది సభామందిరం ప్రతిధ్వని రికార్డులోకి ఎక్కిన పుణ్యం. అన్ని రికార్డులకూ ఆ భాగ్యం ఉండదు. ఒక్కొక్క వాద్యాన్నీ విడిగా పట్టి మీటతో పక్కలకు పంచిన సినిమా పాటలో వేదికే లేదు, ఏ స్పీకరూ దాన్ని కల్పించలేదు.

ఇంటికి తెచ్చాక చివరి జాగ్రత్త తీగలది. రెండు స్పీకర్లకూ ఎర్ర తీగ ఎర్రదానికీ నల్ల తీగ నల్లదానికీ బిగించాలి. ఒకదానికి తారుమారైతే ఒకటి గాలిని ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతుంది. మంద్రం పలచబడుతుంది, గాయకుడు ఎక్కడున్నాడో చెప్పలేని విధంగా గదంతా పరుచుకుంటాడు. వేలు పోసి కొన్న స్పీకర్లు ఏ మాత్రం బాగా లేవని బాధపడేవాళ్ళు ముందు వెనక్కి వెళ్ళి ఆ నాలుగు తీగలూ చూసుకోవాలి.

ఇంత చేసినా ఈ బింబం బింబమే. మధ్యలో నిజంగా ఒక స్పీకరు ఉంటే, దాని శబ్దం రెండు చెవులకూ ఒక్కోసారే చేరుతుంది. మన ఏర్పాటులో ప్రతి చెవికీ రెండుసార్లు చేరుతుంది, దగ్గరి స్పీకరుది ముందు, దూరపుది పావు మిల్లీసెకను తర్వాత. ఆ రెండూ ఒకదాన్నొకటి కొట్టుకుని 2000 హెర్ట్జ్ చుట్టుపక్కల కాస్త వెలితి పెడతాయి. శ్రద్ధగా వింటే తెలుస్తుంది. పాటలో పడ్డవాళ్ళకి తెలియదు.

ఇప్పుడు పెద్దమ్మ వచ్చినప్పుడల్లా సోఫాలో మధ్య చోటు ఆవిడది. నేను ఆవిడ పక్కనే, అడుగు కుడిగా కూర్చుంటాను. నాకు ఘంటసాల కుడి బాక్సులోంచి పాడతాడు. ఆవిడ క్యాలెండరు వైపే చూస్తూ వింటుంది.